పంచె కట్టుకొచ్చిన మాస్టారిని గేటు దగ్గర ఆపిన క్లబ్బు పెద్దలకు

అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

నేనెవరో మీకు చెప్పక్కర్లేదు. మీలో సగం మంది నడుం కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి. ఎవరి నడుం ఎన్నేళ్లలో ఎన్ని అంగుళాలు పెరిగిందో కూడా అందులో ఉంది గానీ, అది మన మధ్యే ఉంటుంది, కంగారు పడకండి. క్లబ్బు పేరూ ఊరి పేరూ ఇక్కడ రాయడం లేదు. గోదావరి కాలవల మధ్య ఏ టౌనుకెళ్లినా ఇలాంటి క్లబ్బు ఒకటి కనిపిస్తుంది కాబట్టి, చదివినవాళ్లు ఎవరికి వాళ్లు తమదే అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మొన్న మే నెలలో వార్షికోత్సవం డిన్నరుకి కార్డులు పంచారు. కార్డు బాగుంది. అడుగున చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో ‘డ్రెస్ కోడ్: బ్లాక్ టై’ అని వేయించారు. ఆ ఒక్క లైను పుణ్యమా అని నాకు 23 కోట్లు వచ్చాయి. కుట్టే కోట్లేనండి. అసలే పెళ్లిళ్ల సీజను, దాని మీద ఇదొకటి. పది రోజులు రాత్రి రెండింటి దాకా మిషను ఆగలేదు. కాబట్టి ఈ ఉత్తరం చదివి ‘వీడు తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నాడు’ అని మీరనుకుంటే తప్పు పట్టను. లెక్కపెడుతున్నమాట నిజమే.

ఆ సాయంత్రం ఏడున్నరకి నేను మీ గేటు బయటే ఉన్నాను. ఒక సభ్యుడి కోటు గుండీ ఊడిందని ఫోను చేస్తే సూదీ దారం పట్టుకుని వచ్చాను. ఆయన కారుకి ఆనుకుని నిలబడ్డారు, నేను సెల్‌ఫోను వెలుతురులో కుడుతున్నాను. అప్పుడే ఆటోలోంచి లెక్కల మాస్టారు దిగారు. పేరు రాయను. ఈ ఊళ్లో యాభై దాటిన మగాళ్లలో ఆయన చేత తొడపాశం తినని వాడు అరుదు, అంటే చాలు. మీ క్లబ్బులో జీవిత సభ్యుడు కూడా.

ఆయన కట్టుకున్నది బండారులంక నేత పంచె. సన్న జరీ అంచు. పైన గంధం రంగు సిల్కు లాల్చీ, ఎడమ భుజం మీద మడత చెదరని కండువా. కుచ్చిళ్లు ఒకదాని మీద ఒకటి స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. టైలరుని కదా, నా కన్ను ముందు అక్కడికే పోతుంది. పక్కన అమ్మగారు, ఉప్పాడ జాందానీ చీరలో.

వాచ్‌మన్ చేతిలో మీరిచ్చిన కాగితం ఉంది. అతనూ ఆయన శిష్యుడే. “మాస్టారండీ, ఇవాళ పంచెలు వద్దన్నారండీ. ఫార్మల్సే అంటండీ” అని నేలచూపులు చూస్తూ చెప్పాడు. మాస్టారు ఆ కాగితం తీసుకుని, కళ్లజోడు సర్దుకుని చదివారు. “ఫార్మల్స్ అని ఎక్కడుందిరా ఇందులో? బ్లాక్ టై అనుంది” అన్నారు. పాపం అతనేం చెబుతాడు? లోపల్నుంచి మీలో ఒకరు వచ్చారు. “రూలంటే అందరికీ ఒకటే కదండీ మాస్టారూ, మీకు తెలియందేముంది” అన్నారు. ఆ తర్వాత అమ్మగారి వైపు తిరిగి “మీరు లోపలికి రండమ్మా, మీకేం ఇబ్బంది లేదు” అన్నారు.

ఆవిడ ఒక్కమాట మాట్లాడకుండా వెళ్లి ఆటో ఎక్కేశారు. మాస్టారు “ఆయ్, రూలే కదా” అని, వాచ్‌మన్ భుజం మీద చెయ్యేసి “నీ తప్పేం లేదురా” అని చెప్పి, తనూ ఎక్కారు. ఇదంతా రెండు నిమిషాల్లో అయిపోయింది. నా చేతిలో గుండీ ఇంకా సగమే కుట్టుంది.

పెద్దాయన్ని అలా తిప్పి పంపడమే తప్పు. దానికి తోడు, ఏ రూలు చూపించి పంపారో ఆ రూలేంటో మీలో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. మస్కట్‌లో పదకొండేళ్లు ఒక హోటలు పక్కన టైలరింగు షాపులో పనిచేశాను. డిన్నర్ జాకెట్లు కుట్టడం, అద్దెకిచ్చినవి మనిషికి తగ్గట్టు సరిచెయ్యడం, అదే నా పని. అందుకని ఈ విషయంలో కాస్త పెద్దరికం తీసుకుంటున్నాను, ఏమనుకోకండి.

బ్లాక్ టై అంటే ఒక టై కాదండీ, తల నుంచి కాలి దాకా మొత్తం సెట్టు పేరు. నల్ల బో టై, తెల్ల చొక్కా, కాలరు మడత మీద సిల్కు వేసిన నల్లకోటు. ప్యాంటుకి బెల్టు పెట్టే లూపులుండవు, పక్క కుట్టు వెంబడి నడుం నుంచి కింది దాకా సిల్కు పట్టీ ఒకటి దిగుతుంది. మెరిసే నల్ల బూట్లు. దీని పైమెట్టు వైట్ టై. దానికి వెనక తోకలున్న కోటు, తెల్ల వెయిస్ట్‌కోటు, తెల్ల బో టై, ప్యాంటు పట్టీలు రెండు. రెండూ సాయంత్రం ఆరు దాటాకే వెయ్యాలి. వీటన్నిటి కింద వస్తుంది మనం రిసెప్షన్లకి వేసుకునే మామూలు సూటు, పొడుగు టై. పాత ఇంగ్లీషు వాళ్ల వరసలో దాని పేరేంటో తెలుసా? ‘ఇన్‌ఫార్మల్’. ఇక మీరు ఫార్మల్స్ అంటున్న చొక్కా, బెల్టు, టక్కు ఆ సాయంత్రాల జాబితాలో లేనే లేవు. అది ఆఫీసు బట్ట.

ఆ సిల్కు కాలరు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. అది సాటిన్, అంటే నున్నగా మెరిసే గుడ్డ. అందులో సూది దిగితే ఆ చిల్లు మళ్లీ పూడదు. మామూలు గుడ్డలో తప్పు కుట్టు పడితే విప్పి, ఇస్త్రీ చేసి, మళ్లీ కుట్టుకోవచ్చు. సాటిన్ క్షమించదు. మొదటి ఆర్నెల్లు నా చేత ఆ కాలరు ముట్టనివ్వలేదు మా ఫోర్‌మన్. ముట్టుకున్న మొదటి రోజు రెండు కాలర్లు పాడుచేశాను, జీతంలో కోత పడింది. అంత పని ఉంది దాని వెనక. అందుకే ఆ కోటంటే నాకు ఇప్పటికీ గౌరవం, మీకంటే కాస్త ఎక్కువే.

మీరు మాత్రం నా దగ్గర కుట్టించుకున్నవి మామూలు నల్ల సూట్లు. “బో టై కూడా కావాలండీ” అని నేనంటే “అది కేటరింగ్ కుర్రాళ్లది కదయ్యా” అన్నారొకరు. అదీ నిజమే. ఆ రాత్రి లోపల బో టై పెట్టుకున్నది వడ్డించే కుర్రాళ్లొక్కళ్లే. రూలు ప్రకారం చూస్తే బల్ల దగ్గర కూర్చోవలసింది వాళ్లు, బిర్యానీ వడ్డించాల్సింది మీరు. ఇద్దరు ముగ్గురైతే బ్లాక్ టై అన్నారు కదా అని నీలం సూటు మీద నల్లటి పొడుగు టై కట్టుకొచ్చారు. ఇంగ్లండులో నల్ల పొడుగు టై చావుకి వెళ్లేటప్పుడు కడతారు. మా షాపులో ఒక పెద్దావిడ ముందే అంది, “శుభమా అని పండగ చేసుకుంటూ నల్లగుడ్డలేంటిరా, అయ్యప్ప మాలా ఏంటి” అని. ఆవిడ మాట ఎవరు విన్నారు?

ఇంతకీ ఈ కోటు ఎలా పుట్టిందో చెప్తాను. ఇంగ్లండు పెద్దింటివాళ్లు పగలు గుర్రాలూ వేటలూ అంటూ తిరిగి, రాత్రి భోజనానికి ఆ మట్టిబట్టలు మార్చుకునేవారు. రాత్రి బట్ట వేరే ఉండాలన్న పట్టింపు అలా వచ్చింది. 19వ శతాబ్దం మొదట్లో బ్రమ్మెల్ అనే ఆయన రంగులూ లేసులూ తగ్గించి నలుపు తెలుపుల వైపు తిప్పాడు. చాలాకాలం అది తోకల కోటే. 1865లో లండన్ సావిల్ రో వీధిలోని హెన్రీ పూల్ షాపులో వేల్స్ యువరాజుకి, అంటే తర్వాత ఏడో ఎడ్వర్డ్ అయినాయనకి, తోకల్లేని పొట్టికోటు కుట్టారని ఆ షాపువాళ్లు చెప్పుకుంటారు. పల్లెటూరి బంగళాలో సొంత మనుషులతో భోంచేసేటప్పుడు హాయిగా కూర్చోవడానికి అడిగాడట. 1886 ప్రాంతంలో అది అమెరికాలో టక్సీడో పార్క్ అనే చోటికి చేరి, అక్కడి క్లబ్బు పేరే దానికి పేరైపోయింది. అంటే మీరు నెత్తికెత్తుకున్న ఈ కోటు అసలు బిగింపు పడలేక పుట్టింది. తోకలు మొయ్యలేనన్నాడు యువరాజు, దర్జీ కత్తిరించి పారేశాడు. ఆయన్ని గేటు దగ్గర ఎవరూ ఆపలేదు మరి.

మన ఎండకి కూడా అందులో భాగం ఉంది. ఆ కోటు కింద నడుముకి వెడల్పాటి సిల్కు పట్టీ కడతారు, కమ్మర్‌బండ్ అంటారు. పారసీలో కమర్ అంటే నడుము, బంద్ అంటే కట్టు. మన దట్టీయే. ఇండియాలో పనిచేసిన ఇంగ్లీషు ఆఫీసర్లు ఈ వేడికి వెయిస్ట్‌కోటు తొడుక్కోలేక, ఇక్కడివాళ్ల నడికట్టు చూసి అది చుట్టుకున్నారు. అక్కణ్ణుంచి అది లండన్ బల్లల దాకా వెళ్లింది. ఉక్కబోత ఎక్కువున్న చోట ఇంకో అడుగు ముందుకేశారు. కోటు పూర్తిగా వదిలేసి చొక్కా, బో టై, కమ్మర్‌బండ్‌తోనే డిన్నరుకి కూర్చుంటారు. రెడ్ సీ రిగ్ అంటారు దాన్ని, గల్ఫ్ రిగ్ అని కూడా అంటారు. దొరలే కోటు విప్పేసిన చోట మీరు మే నెలలో, గోదావరి ఉక్కలో, లైనింగు వేసిన ఉన్ని కోటు తొడుక్కోమన్నారు. తొమ్మిదింటికి కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు ఆ కోట్లన్నీ కుర్చీల వెనక వేలాడాయని మీవాళ్లే చెప్పారు. నాకు సాక్ష్యం అక్కర్లేదు. మర్నాడు సరిచెయ్యమని నాలుగు కోట్లు తెచ్చారు. చంకల దగ్గర లైనింగు మీద తెల్లగా ఉప్పు గీతలు కట్టున్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. మస్కట్‌లో మా హోటలుకి బ్లాక్ టై డిన్నర్లు ఎన్నో వచ్చేవి. దొరలు నల్లకోటుల్లో వచ్చేవారు. ఒమానీ పెద్దమనుషులు పాదాల దాకా తెల్ల దిష్‌దాషా, తలకి మస్సర్ చుట్టుకుని వచ్చేవారు. వాళ్లని నిలబెట్టి అడిగిన వాణ్ణి నేను చూడలేదు. కార్డు మీదే ‘బ్లాక్ టై లేదా జాతీయ దుస్తులు’ అనుండేది. ఆ ‘లేదా’ చాలాచోట్ల ఉంటుంది. స్టాక్‌హోమ్‌లో నోబెల్ బహుమతి ఇచ్చే సభకి వైట్ టై, అంటే అన్నిటికంటే పైమెట్టు. అక్కడా జాతీయ దుస్తులకి అనుమతి ఉంది. 2019 డిసెంబరులో అభిజిత్ బెనర్జీ గారు పంచె కట్టుకుని, పైన మెడ దాకా గుండీలుండే బంద్‌గలా కోటు వేసుకుని రాజు చేతుల మీదుగా బహుమతి తీసుకున్నారు. ఆయన భార్య, ఫ్రాన్సులో పుట్టిన ఎస్తేర్ డఫ్లో గారు చీర కట్టుకున్నారు. 1931లో గాంధీ గారు బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి ఆ కొల్లాయితోనే వెళ్లొచ్చారు. మన తెలుగాయన వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతిగా ఉన్న అయిదేళ్లూ పంచే చొక్కాయే. వీళ్లందరికీ చెల్లిన పంచె మన కాలవ గట్టు క్లబ్బులో చెల్లకపోయింది!

చెన్నైలో కూడా ఇలాంటిదే జరిగింది. 2014 జులైలో అక్కడ ఒక క్రికెట్ సంఘం క్లబ్బులో పుస్తకావిష్కరణకి హైకోర్టు జడ్జి గారొకరు పంచెలో వెళ్తే లోపలికి రానివ్వలేదు. నెల తిరగ్గానే తమిళనాడు అసెంబ్లీ చట్టం చేసింది. పంచె కట్టుకున్నందుకు ఏ క్లబ్బైనా మనిషిని ఆపితే ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, లైసెన్సు కూడా పోతుంది. అది వాళ్ల రాష్ట్రం చట్టం, మనకి వర్తించదు. మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. ఆ జడ్జి గారికి అసెంబ్లీ ఉంది. మాస్టారికి నేనొక్కణ్ణే ఉన్నాను, అదీ ఒక ఉత్తరంతో.

మీ వైపు న్యాయం కూడా ఉంది, కాదనను. ఏడాది కిందట పేకాట గదికి ఒకాయన గళ్ల లుంగీ పైకి మడిచి కట్టుకుని, బనీనుతో వచ్చాడని గొడవైంది. నిక్కర్లతో వచ్చేవాళ్లున్నారు. పదిమంది ఆడవాళ్లు కూర్చునే హాలుకి ఒక మర్యాద ఉండాలనడంలో తప్పేముంది? ఉండాల్సిందే. కానీ ఇంట్లో చుట్టుకునే లుంగీకీ ఇస్త్రీ పంచెకీ తేడా తెలియని గోదావరి మనిషిని నేనింతవరకూ చూడలేదు. మీకూ తెలుసు. తెలిసే రెండిటినీ ఒక గాటన కట్టారు.

పంచె ఏదో దేవుడి వస్త్రమని నేను దణ్ణం పెట్టే రకాన్ని కూడా కాదు. మా తాత కాలంలో కండువా భుజం మీదుండాలా, తీసి నడుముకి చుట్టుకోవాలా అన్నది ఎదురొచ్చే మనిషిని బట్టి ఉండేది. మాలాంటి వాళ్ల పంచె మోకాలి కిందకి దిగితే ఊరుకోని పెద్దలుండేవారు. ఏ కార్డు మీదా వెయ్యకపోయినా అదీ డ్రెస్ కోడే. మా నాన్న మొదటిసారి ప్యాంటు తొడుక్కుని పెద్దవీధిలో నడిచిన రోజు గురించి ఎన్నిసార్లు చెప్పేవాడో. ప్యాంటూ కోటూ చాలామందికి తలెత్తుకు తిరిగే వీలిచ్చాయని నాకు తెలుసు. అందరూ ఒకే నల్లకోటు వేసుకుని వరసగా కూర్చుంటే ఎవరు ఏ పేట వాళ్లో కనిపెట్టలేం, ఆ గుణం నాకు నచ్చుతుంది కూడా. కానీ అదే కోటు తీసుకెళ్లి గేటుకి అడ్డకర్రలా పెడితే మా తాత కాలానికీ మీ కాలానికీ తేడా ఏమున్నట్టు?

కార్డు మీద ఆ లైను ఎందుకు వేస్తారో మస్కట్‌లో మా ఫోర్‌మన్ ఒకసారి చెప్పాడు. పిలిచినవాడు ముందే చెప్పేస్తే, వచ్చేవాడికి ఏం వేసుకోవాలన్న టెన్షన్ ఉండదు, అందుకట. మనకీ ఉందది, చెప్పే పద్ధతే వేరు. ముహూర్తానికి పట్టుపంచె, రిసెప్షన్‌కి సూటు అని శుభలేఖలో వేస్తామా? అందరికీ తెలుసు. ఎవరికైనా లేకపోతే పిలిచినవాళ్లే బట్టలు పెడతారు. ఆ రాత్రి మీరు చేసిందీ అదే కదా. పై ఊరి నుంచి వచ్చిన ముఖ్య అతిథిని వేదిక మీదకి పిలిచి, శాలువా కప్పి, పళ్లెంలో పెట్టి ఏం చేతికిచ్చారు? పంచెల చాపు. ఫొటో మీ గ్రూపులో చూశాను. జరీ అంచుది, బాగుంది. ఆయన అది అక్కడే కట్టుకుని బయటికొచ్చి, మళ్లీ లోపలికెళ్లబోతే మీ వాచ్‌మన్ ఆపాలన్నమాట.

నేనడిగేది పెద్దదేం కాదు. వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పెట్టండి. డ్రెస్ కోడ్ ఉంచుకోండి, నాకు గిరాకీ కూడా. కాకపోతే కార్డు మీద తెలుగులో వేయించండి, పక్కన ‘లేదా పంచె, లాల్చీ, కండువా’ అని చేర్చండి. నిజంగా బ్లాక్ టై కావాలనుకుంటే డిసెంబరులో పెట్టుకోండి, బో టై కట్టడం నేనే వచ్చి నేర్పుతాను, కూలి అక్కర్లేదు. రూలు చదివి వినిపించే పని వాచ్‌మన్ మీద పెట్టకండి. అతను ఇప్పటికీ మాస్టారి వీధిలోంచి వెళ్లడం లేదు, చుట్టు తిరిగి వెళ్తున్నాడు. ఇవన్నీ అవడానికి ముందు మీలో ఒకరు, ఆ రోజు “మీకు తెలియందేముంది” అన్నవారే అయితే మంచిది, మాస్టారింటికి వెళ్లి రండి.

తొందరగా వెళ్లమనడానికి కారణముంది. డిన్నరైన మూడో రోజు పొద్దున్నే మాస్టారు మా షాపుకొచ్చారు. స్టూలు వేశాను, కూర్చోలేదు. “కోటుకి ఎంతవుద్దిరా?” అన్నారు. గుడ్డ, కూలి, లైనింగు కలిపి 14,000 అన్నాను. కాసేపు ఫ్యాను వైపు చూశారు. “సరే, కొలతలు తీసుకో” అని కండువా తీసి మిషను మీద పెట్టారు. నాకు చేతులు రాలేదు. అయినా టేపు వేశాను. ఛాతీ 36, భుజం పదిహేడున్నర, చెయ్యి 23. ఎనభై దగ్గర పడుతున్న మనిషి, కుడి భుజం అర అంగుళం కిందకి వాలిపోయింది. బోర్డు మీద రాసీ రాసీ అయ్యుంటుంది. అడ్వాన్సు ఇవ్వబోతే తర్వాత చూద్దాం లెండన్నాను.

గుడ్డ తెప్పించాను, బల్ల కింద అరలో ఉంది. కత్తెర ఇంకా పెట్టలేదు. పుస్తకంలో ఆయన పేజీలో అన్నీ రాశాను, ట్రయల్ తేదీ ఒక్కటీ ఖాళీగా వదిలేశాను.

ఇట్లు,
కాలవ వంతెన పక్క టైలరు